తాళంచెయ్యి

పోగొట్టుకోవడంలో నాకు చాలా అనుభవం వుంది. గొడుగులు పోగొట్టుకున్నాను. కళ్లజోళ్లు పోగొట్టుకున్నాను. ఒకసారి దిగే తొందరలో చెప్పులు రైల్లోనే వదిలేసి కాజీపేట ప్లాట్‌ఫారంమీద వొట్టికాళ్లతో నిలబడ్డాను. మా ఆవిడ ఇంటికి వచ్చిన చుట్టాలకు టీతోపాటు ఈ కథలన్నీ అందిస్తూ వుంటుంది. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అయితే లారీ తాళంచెయ్యి పోగొట్టుకున్న కథ మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పదు. అది నేనే చెప్పుకోవలసిన కథ.

"తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి లారీ ఎక్కడినుంచి వచ్చింది?" అని మీకు సందేహం కలగవచ్చు. లారీ నాది కాదు, మా అన్నది. పోగొట్టడం ఒక్కటే నాది.

మాది రఘునాథపల్లి. ఇప్పుడు జనగామ జిల్లా; 2016 అక్టోబరుకు ముందు వరంగల్లు జిల్లాలో వుండేది. హైదరాబాదునుంచి వరంగల్లు పోయే పెద్ద రోడ్డూ, సికిందరాబాదునుంచి కాజీపేట పోయే రైలూ, రెండూ మావైపునుంచే పోతాయి. మా నాయన పోయేనాటికి అన్న పదో తరగతి పరీక్షలు రాసి కూచున్నాడు. నేను ఆరో తరగతి. ఇద్దరిలో ఒకరు చదువు మానుకోవాలి. ఎవరు మానుకోవాలన్న చర్చ మా ఇంట్లో జరిగినట్టు నాకు జ్ఞాపకం లేదు. ఒకనాడు పొద్దున నేను నిద్రలేచేసరికి అన్న ఒక లారీమీద క్లీనరుగా వెళ్లిపోయాడు. అంతే.

నేను కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివిన రెండేళ్లూ నెలకొకసారి రాత్రిపూట అతని లారీ హనుమకొండలో రోడ్డుపక్కన ఆగేది. నేను వెళ్లి నిలబడితే, ఇంజను ఆపకుండానే కిందికి వంగి డబ్బు నా చేతిలో పెట్టేవాడు. "తిన్నవా?" అని అడిగేవాడు. జవాబు వినకుండానే బండి కదిలించేవాడు. ఆ నోట్లు డీజిలు వాసన వేసేవి. వాటితో నేను పుస్తకాలు కొనుక్కునేవాణ్ణి.

ఇప్పుడు అన్నకు సొంత లారీ వుంది. పది టైర్ల బండి. 2021లో అప్పుచేసి కొన్నాడు. అప్పు ఇంకా తీరలేదు. ఆ లారీకి రెండు తాళంచేతులు వచ్చాయి. ఒకటి తన దగ్గర వుంచుకుని, రెండోది తెచ్చి నాకిచ్చాడు. "నీ దగ్గరుంటె భద్రంగ ఉంటది. చదువుకున్నోనివి" అన్నాడు. హనుమకొండలో మా ఇంటి పుస్తకాల బీరువాలో, నిఘంటువుల వెనక, దాన్ని భద్రంగా దాచాను.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాలోని తెలుగు పంతులు ఊరుకోడు. కోస్తావారు 'తాళంచెవి' అంటారు. మేం 'తాళంచెయ్యి' అంటాం. కన్నడంవారికి కూడా చెయ్యే. 'బీగద కై' అంటారు. హైదరాబాదులో 'చాబీ'. ఆ మాట పోర్చుగీసువారి ఓడల్లో వచ్చింది. తమిళుల 'సావి' కూడా ఆ ఓడ దిగిందే. తాళానికి వుండేది చెవా, చెయ్యా అని నా విద్యార్థులు ఏటా అడుగుతారు. చెయ్యేనని ఇన్నాళ్లూ వాదిస్తూ వచ్చాను.

అన్న తన తాళంచెయ్యికి పెంబర్తి పని ఇత్తడి గజ్జె ఒకటి కట్టుకున్నాడు. పెంబర్తి జనగామ పక్కనే. ఆ ఊరి ఇత్తడి పనికి దేశమంతటా పేరుంది. లారీ తాళానికి గజ్జె ఎందుకని నేను నవ్వితే, "యాడనన్న పడితె సప్పుడైతది గదా" అన్నాడు.

నిరుడు మే నెల. యాసంగి కోతలు ముగిసే రోజులు. ఆదివారం కదా అని ఊరికి వెళ్లాను. అన్న లారీ ఊరి చివర కల్లంలో వుంది. ధాన్యం కొనుగోలు కేంద్రం అక్కడే.

పట్నంలో వుండే పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. కల్లంలో పోసిన వడ్లను ఆరబెట్టి, తేమ చూసి, నలభై కిలోల చొప్పున బస్తాలకెత్తి కాంటా పెడతారు. తేమ నూటికి 17 పాళ్లు మించకూడదు. కాంటా అయినంతమాత్రాన రైతు గట్టెక్కినట్టు కాదు. బస్తాలు లారీ ఎక్కాలి, లారీ మిల్లు చేరాలి, మిల్లులో సరుకు దిగాలి. ఈ మధ్యలో వాన కొట్టిందా, తేమ పెరుగుతుంది. మిల్లులో తరుగు తీస్తామంటారు, లేకపోతే దింపుకోమంటారు. అందుకే ఆ రోజుల్లో మా వైపు రైతు ఆకాశంవంక ఒకసారి చూస్తే రోడ్డువంక రెండుసార్లు చూస్తాడు, లారీ వస్తుందేమోనని.

ఆనాడు అన్న లారీలో 400 బస్తాలు ఎక్కాయి. అంటే 16 టన్నులు, తొమ్మిదిమంది రైతుల పంట. హమాలీలు పని ముగించి చేతులు కడుక్కుంటున్నారు. పడమట మబ్బు లేస్తూంది. అన్నా, క్లీనరు కుర్రవాడూ పరదా కట్టడానికి బస్తాలమీదికి ఎక్కబోతున్నారు. కొత్త పరదాలన్నీ కింది కుప్పలమీద కప్పేశారు. మిగిలింది చిల్లులు పడ్డ పాతది. వంగినప్పుడు జేబులోనుంచి జారిపోతుందని అన్న తాళంచెయ్యి తీసి నా చేతికిచ్చాడు.

"తమ్మీ, జర పట్టుకో" అన్నాడు.

పట్టుకున్నాను. అంతవరకు నాకు బాగా జ్ఞాపకం వుంది.

అప్పుడు ఫోను మోగింది. మా కాలేజీలో పనిచేసే మిత్రుడు. పరీక్షల మూల్యాంకనానికి ఎవరెవరు వెళ్లాలన్న విషయంలో ఆయనకు ఏదో సందేహం వచ్చింది. ఫోనులో మాట్లాడేటప్పుడు ఒకచోట నిలబడలేకపోవడం నాకొక జబ్బు. మాట్లాడుతూ మాట్లాడుతూ రోడ్డుదాకా పోయాను. గజ్జె గలగలమని మాట విననివ్వడంలేదని పిడికిలి బిగించాను. రోడ్డుపక్కన ఒక అవ్వ గంపలో దోరమామిడికాయలు పెట్టుకుని కూచుంది. సంజ్ఞలతోనే బేరమాడి మూడు కిలోలు కొన్నాను. ఇంటికి పోయి సంచి వదినె చేతికిచ్చాను. ఆమె ఇచ్చిన టీ తాగాను. తిరిగి కల్లానికి వచ్చేసరికి మా మిత్రుడి సందేహం అప్పుడే తీరింది.

చూద్దును కదా, అన్న క్యాబినులో సీట్ల కిందా మీదా వెతుకుతున్నాడు.

"చెయ్యి ఏడ పెట్టినవ్‌రా?" అని క్లీనరును అడుగుతున్నాడు.

"నేను ముట్టలే అన్నా. మీ దగ్గర్నే ఉండె."

నా చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. లాల్చీ కుడిజేబు, ఎడమజేబు, పైజేబు. రుమాలు వుంది, పెన్ను వుంది, చిల్లర వుంది. తాళంచెయ్యి లేదు.

అప్పుడు నేను చెయ్యవలసిన పని ఒక్కటే. "అన్నా, నాకే ఇచ్చినవు" అనడం. రెండు క్షణాల పని. నేను చెయ్యలేదు.

ఎందుకు చెయ్యలేదా అని తరువాత చాలాసార్లు ఆలోచించాను. చుట్టూ తొమ్మిదిమంది రైతులు వున్నారు. వాళ్లలో ఇద్దరి పిల్లలు నా దగ్గర చదివారు. నేను కనిపిస్తే తువ్వాల భుజంమీదినుంచి తీసి 'నమస్తే సారూ' అంటారు. లారీ తాళం ఇస్తే కాసేపు పట్టుకోలేని సారునని వాళ్లముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. "ముందు నెమ్మదిగా వెతుకుదాం, దొరికితే చెప్పవలసిన అవసరమే వుండదు" అనుకున్నాను. నడిచిన దారివెంట నేలచూపులు చూస్తూ మళ్లీ నడిచాను. అవ్వ అప్పటికే గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. ఎవరో "ఏం సారూ, ఏమన్న పడ్డదా?" అంటే "ఏం లేదు, ఊరికే" అన్నాను.

కల్లంలో తలా ఒక సలహా ఇస్తున్నారు. "అందరం పట్టి నెడదాం, కనీసం తారు రోడ్డెక్కుతది" అన్నాడు ఒకాయన. వాన పడితే కల్లం బురదవుతుంది, 16 టన్నుల బండి కూరుకుపోతుందని వాళ్ల భయం. అన్న తల తిప్పాడు. ఈ బండ్లకు గాలి బ్రేకులు. చేతి బ్రేకు వేస్తే బలమైన స్ప్రింగులు చక్రాలను పట్టుకుంటాయి. గాలి ఒత్తిడి వుంటేనే వదులుతాయి. ఇంజను నడిస్తేగాని ఆ గాలి నిండదు. పైగా ఇంజను లేనిదే స్టీరింగు తిప్పడం కూడా చాలా కష్టం. ఊరంతా వచ్చి నెట్టినా లాభం లేదు.

"వైర్లు కలిపి స్టార్టు చెయ్యరాదా?" అన్నాడు ఇంకొకాయన. అన్న జనగామలో తనకు తెలిసిన మెకానిక్కుకు ఫోను చేశాడు. ఆయన, "పాత బండైతే వేరేమాట. ఇది కంప్యూటరు బండి. వైర్లు ముడితే చెయ్యి ఖర్చు పోయి లక్ష ఖర్చయితది, ముట్టకు" అన్నాడట.

ఆ మాటలో శాస్త్రం వుంది. డీజిలు ఇంజనుకు పెట్రోలు ఇంజనులాగ నిప్పురవ్వ అక్కరలేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే నూనె మండుతుంది. అందువల్ల పాత లారీల్లో తాళంచెయ్యి పని స్టార్టరుకూ దీపాలకూ కరెంటు అందించడమే. నడుస్తున్న ఇంజనును ఆపడానికి వేరే తీగ లాగేవారు. అంతకుముందు అయితే ముందువైపు ఇనుప హ్యాండిలు దూర్చి తిప్పేవారు. 1912లో అమెరికాలో చార్లెస్ కెటరింగు తయారుచేసిన విద్యుత్ స్టార్టరును క్యాడిలాక్ కార్లకు అమర్చాక ఆ కష్టం క్రమంగా తప్పింది. మన దేశంలో 2020 ఏప్రిల్‌లో బి.ఎస్. ఆరు నిబంధనలు వచ్చాక తయారైన లారీల్లో ఎంత నూనె ఎప్పుడు చల్లాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది. తాళంచెయ్యి ఆ కంప్యూటరును మేలుకొలిపే మంత్రం. అడ్డదారిన మేలుకొలిపితే అది అలుగుతుంది.

"రెండో చెయ్యి నీ దగ్గరున్నది గద తమ్మీ" అన్నాడు అన్న నావంక తిరిగి. ఉంది, హనుమకొండలో, నిఘంటువుల వెనక. పోయి రావాలంటే రెండు గంటలు దాటుతుంది. ఉరుము వినిపించింది.

అప్పటికి అరగంట అయింది. భయపడ్డ మనుషులకు ఎవరో ఒకరిమీద అనుమానం కావాలి. "రాత్రి డీజిలు తీసుకునేటందుకు దాచిపెట్టిండేమో" అన్నారెవరో వెనకనుంచి. అందరూ క్లీనరువంక చూశారు. ఆ కుర్రవాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. దగ్గరి తండానుంచి వచ్చి పనిలో చేరి రెండు నెలలయింది. మా అన్న చెడ్డవాడు కాదు. తానూ క్లీనరుగా బతుకు మొదలుపెట్టినవాడే. కాని ఆ సమయంలో అతని కళ్లముందు తొమ్మిదిమంది రైతులూ, తీరని అప్పూ వున్నాయి.

"నీ సంచి తియ్యి" అన్నాడు.

కుర్రవాడు ఏమీ అనలేదు. క్యాబినులోనుంచి సంచి తెచ్చి నేలమీద పెట్టాడు. ఒక్కొక్కటే తీశాడు. రెండు చొక్కాలు, ఒక తువ్వాల, పళ్లబ్రష్షు, ఫోను ఛార్జరు, ప్లాస్టిక్ కవరులో మడిచిపెట్టిన ఆస్పత్రి చీటీ. "మా అమ్మది" అన్నాడు, ఎవరూ అడగకపోయినా. తీసినవాటిని మట్టి అంటకుండా తువ్వాలమీద వరసగా పేర్చాడు. ఆఖరికి సంచి తిరగేసి దులిపాడు.

నేను ఏటా గజేంద్రమోక్షం పాఠం చెబుతాను. పోతనగారిది మా జిల్లాలోని బమ్మెరే అని గర్వంగా చెబుతాను. తన బలం చాలదని ఒప్పుకున్నాక గాని ఏనుగుకు దారి దొరకలేదని, అదే ఆ కథకు ప్రాణమని, ఇరవై ఏళ్లుగా పిల్లలకు నోట్సు చెప్పి రాయిస్తున్నాను. నాకు మాత్రం, ఒక పేద కుర్రవాడి తల్లి మందుల చీటీ కల్లంలో పదిమంది కళ్ల ముందు పడేదాకా నోరు పెగలలేదు.

"అన్నా, తాళంచెయ్యి వాని దగ్గర లేదు. నువ్వు నాకిచ్చినవు. నేను పోగొట్టిన" అన్నాను.

కాలేజీ భాష రాలేదు. ఇంటిమాటే వచ్చింది.

అన్న నావైపు చూశాడు. "ఎప్పటిసంది ఎరుక నీకు?" అన్నాడు.

"మొదటిసంది."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది. అన్న ఏమీ అనకుండా కిందికి వంగి, ఆ కుర్రవాడి చొక్కాలు తన చేత్తో మడిచి సంచిలో పెట్టాడు. చీటీ ప్లాస్టిక్ కవరులో పెట్టి వాడి చేతికిచ్చాడు. అప్పుడు నావైపు తిరిగి, "ఇగ యాడయాడ తిరిగినవో చెప్పు" అన్నాడు.

రైతుల్లో ఖిలాషాపురం ఆయన ఒకడు వున్నాడు. సర్వాయి పాపన్న కోట వున్న ఊరు అది. 1708లో వరంగల్లుమీద పడి కొల్లగొట్టిన పాపన్న. ఆ రైతు నా ముఖం చూసి జాలిపడ్డాడు కాబోలు, "మా పాపన్న అన్ని కోటలు కొట్టిండు గని, ఏ కోటకూ తాళంచెయ్యి అడగలె సారూ. దొరుకుతది పాండ్రి" అన్నాడు. నలుగురూ నవ్వారు. నేను భయపడ్డ నవ్వు అదేనా అనిపించింది. అందులో విషమేమీ లేదు.

నేను నడిచిన దారి చెబుతూ వుంటే అందరూ తలా ఒక దిక్కు పరుగెత్తబోయారు. క్లీనరు కుర్రవాడు మాత్రం కదలలేదు.

"సార్, ఫోను ఏ చేత్తోని పట్టుకున్నరు?" అని అడిగాడు.

"కుడిచేత్తో."

"అట్లయితే తాళంచెయ్యి ఎడమచేతుల ఉండాలె. మామిడికాయలు తీసుకునేటప్పుడు సంచి నోరు ఎవరు తెరిచి పట్టిండ్రు?"

"నేనే. అవ్వ కాయలు పోసింది."

"ఎడమచేత్తోనేనా?"

"ఆఁ."

"పిడికిలి ఇప్పకుంట సంచి నోరు ఎట్ల తెరుస్తరు సార్?" అన్నాడు.

నాకు డిగ్రీలు ఎందుకిచ్చారో ఆ క్షణాన తెలియలేదు.

ఇంటికి పరుగెత్తాం. వదినె సంచి ఎప్పుడో ఖాళీచేసింది. కాయలు మాగడానికి వెనక కొట్టుగదిలో వరిగడ్డి పరిచి, వాటిమీద మళ్లీ గడ్డి కప్పింది. గదిలో చీకటి. దీపం వేసేలోపలే కుర్రవాడు మోకాళ్లమీద కూచుని రెండు చేతులూ గడ్డిలోకి దూర్చి మెల్లగా కదిలించాడు.

గడ్డి అడుగున గజ్జె పలికింది.

తాళానికి వుండేది చెయ్యి ఒక్కటే కాదని, చెవి కూడానని అప్పుడు ఒప్పుకున్నాను. చెయ్యి పోగొట్టినదాన్ని చెవి పట్టిచ్చింది.

లారీ కల్లం దాటి తారు రోడ్డెక్కేసరికి ఏడున్నర. నేనూ అందులోనే ఎక్కాను. చినుకులు మొదలయ్యాయి. మిల్లు షెడ్డుకిందికి బండి పోయాక అసలు వాన దంచింది. పాత పరదా కారి పై వరసలో కొన్ని బస్తాలు కొద్దిగా తడిసాయి. వాటిని పక్కన పెట్టించి, తెల్లవారి ఆరబోసి దింపారు. ఆ కొద్ది తడి నేను దాచిన అరగంటదే. రైతులెవరూ నాతో ఆ మాట అనలేదు.

మీకు లారీ వుండకపోవచ్చు. స్కూటరో కారో వుంటుంది. కనీసం బీరువా వుంటుంది. అందుచేత ఆ సాయంత్రం నేర్చుకున్నవీ, తరువాత అన్ననూ మెకానిక్కునూ అడిగి తెలుసుకున్నవీ కొన్ని మాటలు చెబుతాను.

పోయిందని తెలిసిన క్షణాననే పైకి చెప్పండి. చివరిసారి ఎవరి చేతిలో వుందో తెలిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది. చెప్పకపోతే పోగొట్టినవాడు ఒకడు, మాట పడేవాడు మరొకడు అవుతారు.

పరుగెత్తకండి. నిలబడి చేతులను అడగండి. ఏ చేతిలో వుంది, ఆ చెయ్యి తరువాత ఏ పని చేసింది? తాళంచెయ్యి జారిపోయేది మనం నడుస్తున్నప్పుడు కాదు, అదే చేత్తో మరో పని చేసినప్పుడు.

బండిని వొంటరిగా వదలకండి. తాళంచెయ్యి మరెవరికైనా దొరికి వుండవచ్చు. పెద్ద రోడ్డుమీద ఆగిపోతే చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టాలి. వెనక తగినంత దూరంలో మెరిసే త్రికోణం నిలపాలి. నాలుగు మూలల హెచ్చరిక దీపాలు చాలా బండ్లలో తాళంచెయ్యి లేకపోయినా వెలుగుతాయి. జాతీయ రహదారిమీద సహాయానికి 1033, ప్రాణాపాయమైతే 112. చెక్కలకు బదులు రాళ్లు పెడితే, బండి కదిలాక వాటిని రోడ్డుమీద వదిలిపోకండి. చీకట్లో స్కూటరుమీద వచ్చేవాడికి ఆ రాయి మృత్యువు.

రెండో తాళంచెయ్యి దగ్గరలో వుండాలి, కాని బండిలో వుండకూడదు. నాలాగ మరో ఊళ్లో నిఘంటువుల వెనక దాస్తే అది వున్నా లేనట్టే. కొత్త బండి కొన్నప్పుడు తాళంచేతులతోపాటు చాలా కంపెనీలు అంకెలు కొట్టిన చిన్న బిళ్ల ఇస్తాయి. చాలామంది దాన్ని పారేస్తారు. ఆ అంకెలు రాసి వుంచుకుంటే, బండి రిజిస్ట్రేషను కాగితం, మీ గుర్తింపు కాగితం చూపించి అమ్మినవారి దగ్గర మరొకటి చేయించుకోవచ్చు. చిప్పు వున్న చెయ్యి అయితే వీధిలో చెక్కించి లాభం లేదు, దాన్ని బండికి పరిచయం చెయ్యాలి.

ఎంత వెతికినా దొరకకపోతే పోలీసు స్టేషనులో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. ఇన్సూరెన్సువారికి తెలియజేయండి. రేపు బండే దొంగతనం పోతే వాళ్లు తాళంచేతులు రెండూ చూపించమంటారు. ఒకటి లేకపోతే ఎందుకు లేదో చెప్పడానికి ఆ రసీదే సాక్ష్యం. బండి ఫలానావారిదని తెలిసేచోట తాళంచెయ్యి పోయిందనుకుంటే, ఖర్చయినా తాళాలే మార్పించడం మేలు.

ఈ సంగతులన్నిటికీ మెకానిక్కో కంపెనీవాడో సహాయం చేస్తాడు. నేను మొదట చెప్పినదానికి మాత్రం ఎవరి సహాయమూ వుండదు.

ఆ రాత్రి మిల్లు దగ్గర వాన వెలిసేదాకా క్యాబినులో కూచున్నాం. అన్న కాగితాల పనిమీద దిగి వెళ్లాడు. నేనూ, కుర్రవాడూ మిగిలాం. క్షమించమని అడగడానికి నాకు తెలిసిన తెలుగంతా వెతికాను. అన్నీ ఉపన్యాసంలా వున్నాయి. ఆఖరికి "నేను ముందే చెప్పవలసింది. తప్పు నాదే" అన్నాను.

వాడు అద్దంమీద నీళ్లు జారడం చూస్తూ కూచున్నాడు. కొంచెంసేపు ఆగి, "మీరు చెప్పకపోతె రేపటిసంది నాకు ఏ బండిమీదా పని దొరకకపోవు సార్" అన్నాడు. అందులో కోపం లేదు. ఉన్నమాట. నాకు మర్యాద పోతుందన్న భయం పట్టుకున్న అరగంటలో వాడికి పోబోయింది కూడు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

మరుసటి ఆదివారం నిఘంటువుల వెనకనుంచి రెండో తాళంచెయ్యి తీసుకుని ఊరికి పోయాను. "ఇది నువ్వే ఉంచుకో అన్నా" అన్నాను. అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వదినె ఒక గజ్జె తెచ్చి కట్టింది. అన్న క్లీనరు కుర్రవాణ్ణి పిలిచి, వాడి చేతిలో పెట్టాడు.

"నీ దగ్గరుంటె భద్రంగ ఉంటది" అన్నాడు.

నావంక చూడలేదు. నేనూ ఏమీ అనలేదు. కుర్రవాడు దాన్ని మొలతాడుకు ముడివేసుకుని, చొక్కా సర్దుకుని, టైర్లకు గాలి చూడడానికి వెళ్లిపోయాడు. వాడు బండి చుట్టూ తిరుగుతూ వుంటే ఆ గజ్జె చప్పుడు చాలాసేపు వినిపిస్తూనే వుంది.